రెండో గుండిగ నుంచి

గుండిగ ఎంత పడుతుందో గుండిగకి తెలుసు, దాని ముందు నిలబడే మనిషికి తెలుసు. ఆఫీసు గదిలో కూర్చునే మేనేజరుకి తెలియదు. తెలియకపోవడం తప్పేమీ కాదు. తెలిసినవాళ్ళు చెబితే వినకపోవడం దగ్గరే వచ్చింది తంటా అంతా.

ఆ పొద్దున ఉడకబెట్టే గదిలో ఆరు స్టీలు గుండిగలు వరసగా పొయ్యిల మీద ఉన్నాయి. సోడమ్మ వాటి ముందు నిలబడి సోడా తూస్తోంది. ఆమె అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా లేదు. నీళ్ళలో సోడా వేసేది ఆమే కాబట్టి సోడమ్మ. మూత తీస్తే బుస్సుమంటుంది కాబట్టి సోడమ్మ అనేవాళ్ళూ ఉన్నారు గానీ, ఆమెకి వినపడేలా అనరు.

పని చూడ్డానికి వంటలా ఉంటుంది. పట్టుగూళ్ళని సగానికి కత్తిరించి, లోపలి పురుగుని దులిపి, సోడా నీళ్ళలో అరగంట మరిగిస్తే పైనున్న జిగురు కరిగిపోయి తెల్లటి పోగు మిగులుతుంది. ఆ పోగుని పై అంతస్తులో ఒక ప్రత్యేకమైన ఉప్పు కలిపిన నీళ్ళతో కరిగిస్తారు. సన్నటి గొట్టాల్లో పోసి మూడు రోజులు నీళ్ళు మారుస్తూ ఉప్పు వదిలిస్తారు. గడ్డకట్టించి ఆరబెడితే అరచెయ్యంత పట్టుపొర తయారవుతుంది. కాలిన చోట దాన్ని పరిస్తే ఒంట్లోని మాంసం దాన్ని పట్టుకుని అల్లుకుంటుంది. మళ్ళీ పీకక్కర్లేదు. గాజుగుడ్డ కట్టు అలా కాదు, విప్పినప్పుడల్లా కొత్తగా వచ్చిన చర్మాన్ని కూడా లాక్కొస్తుంది. అందుకే పెద్దాసుపత్రి కాలినగాయాల వార్డులో ఇప్పుడు ఈ పొరల్ని పరీక్షగా వాడి చూస్తున్నారు. ఒక్కటే షరతు. జిగురు మిగలకూడదు. మిగిలితే ఒళ్ళు దాన్ని శత్రువు అనుకుంటుంది, గాయం ఎర్రబడి ఉబ్బిపోతుంది.

మొదటి గుండిగలో గూళ్ళు వేసి మూత పెట్టేసరికి మేనేజరు వచ్చాడు. ఆయన చెడ్డవాడేం కాదు. పైనుంచి ఫోనొస్తే కింద నిలబడలేని మనిషి, అంతే.

"ఆసుపత్రివాళ్ళు పన్నెండు మంచాలు కాదు, ఇరవై నాలుగంటున్నారు. అన్నీ ఇవాళే ఉడికిపోవాలి. ఒక్కోదాంట్లో రెట్టింపు వేసెయ్యి" అన్నాడు.

"పట్టదండి" అంది సోడమ్మ.

"ఎందుకు పట్టదు? సగం ఖాళీగానే ఉందిగా."

"గూళ్ళు పడతాయండీ. జిగురే పట్టదు. కొంత తాగాక నీళ్ళకి కడుపు నిండిపోతుంది. ఆ తర్వాత ఎంత మరిగించినా జిగురు పోగుని వదలదు. మూడు గుండిగలు ఎక్కువ పెట్టించండి, రేపు సాయంత్రానికి అవగొడతాను."

"రేపటిదాకా ఎవరాగుతారు? కార్డులో ఏముంది? వేడి, టైము, సోడా. మూడూ సరిపోతే చాలు. గూళ్ళలోంచి దారం తీసే మీ పాత రీలింగు షెడ్డు లెక్కలు ఇక్కడ చెప్పకు."

నిజమే, కార్డులో గుండిగకి ఎన్ని గూళ్ళో రాసే గడి లేదు. మొదట్నుంచీ సోడమ్మే వేస్తోంది, సరిగ్గా వేస్తోంది, కాబట్టి ఆ గడి అవసరమని ఎవరికీ తోచలేదు.

ఇక్కడ సోడమ్మ గురించి ఉన్నమాట చెప్పుకోవాలి. ఆమె ఇంకాస్త గట్టిగా కాదనొచ్చు. చెంచా కింద పెట్టి కూర్చోవచ్చు, అంతకుముందు రెండుసార్లు కూర్చుంది కూడా. ఈసారి కూర్చోలేదు. ఎందుకంటే ఆ ఇరవై నాలుగు మంచాల్లో తొమ్మిదో మంచం మీద ఆమె మరిది ఉన్నాడు. బ్రెడ్డు బట్టీలో రేకు జారి రెండు చేతులూ మోచేతులదాకా కాలి, రోజు విడిచి రోజు గాజుగుడ్డ విప్పించుకుంటూ అరుస్తున్నాడు. ఆమెకీ తొందరగానే ఉంది. ఏమో, ఈసారికి వదులుతుందేమో అనుకుంది. రెండో గుండిగ నుంచి ఆరో గుండిగ దాకా రెట్టింపు గూళ్ళు తన చేత్తోనే వేసింది.

వదల్లేదు. అరగంట అయ్యాక మొదటి గుండిగలోంచి కాస్త పోగు కర్రతో తీసి, చల్లటి నీళ్ళలో జాడించి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపింది. కిర్రుమంది. శుభ్రమైన పట్టు తడిమీద అలాగే కిర్రుమంటుంది. రెండో గుండిగలోది నలిపితే చప్పుడు లేదు. వేళ్ళ మధ్య బెండకాయ ముక్కలా జారింది. మూడోదీ అంతే, నాలుగోదీ అంతే. మామూలుగా మూడుసార్లు కడిగేదాన్ని ఏడుసార్లు కడిగింది. మోచేతులదాకా తడిసిపోయింది గానీ ప్రయోజనం లేదు.

మళ్ళీ వెళ్ళి చెప్పింది. "రెండో గుండిగ నుంచి జిగురు పోలేదండి. నీళ్ళు మార్చి ఇంకోసారి మరిగించనివ్వండి."

"రెండుసార్లు ఉడికితే పోగు బలం పోతుందని నువ్వే ఒకసారి చెప్పావు."

"చెప్పాను. అయినా జిగురుతో పంపేకన్నా నయం కదండీ."

"రంగు పరీక్ష చేశాం. పసుపే వచ్చింది. వెళ్ళు" అన్నాడాయన.

రంగు పరీక్ష అంటే పోగు మీద ఒక చుక్క రంగు వేస్తారు. జిగురుంటే ఎరుపు, లేకపోతే పసుపు. ఆ పోగుని ఎప్పుడూ మొదటి గుండిగలోంచే తీస్తారు. ఎవరు పెట్టారో తెలియదు గానీ అలవాటు అది. గుమ్మానికి దగ్గరగా ఉండేది ఆ గుండిగే మరి.

సాయంత్రం సోడమ్మ ఆసుపత్రికి వెళ్ళేసరికి కట్టు మార్చడం అప్పుడే అయింది. మరిది కళ్ళు మూసుకుని పడుకున్నాడు. నుదుటి మీద చెమట ఇంకా ఆరలేదు. పక్కన స్టూలు మీద తోటికోడలు కూర్చుని కొంగుతో విసురుతోంది.

తోటికోడళ్ళిద్దరికీ పొసగదు. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు పెట్టుకుని మూడేళ్ళయింది. చీపురు ఎవరు ఎక్కడ పెట్టారన్న దగ్గర మొదలైతే ఇద్దరి పుట్టిళ్ళదాకా వెళ్ళొచ్చేవాళ్ళు. మరిది చేతులు కాలిన రోజు నుంచీ ఆ గొడవలు ఆగాయి. ఆగడమంటే సర్దుకోవడం కాదు, వాయిదా పడ్డాయంతే.

"వదినా" అన్నాడు మరిది కళ్ళు తెరిచి. "బ్రెడ్డు కాల్చమంటే చేతులు కాల్చుకున్నానని మా ఓనరు నవ్వాడంట."

"వాడి పళ్ళు రాలగొడతాలే, నువ్వు లే ముందు."

"మీ పట్టు ఎప్పుడొస్తుందక్కా?" అని అడిగింది తోటికోడలు. ఆమె గొంతు అంత మెత్తగా ఉండటం సోడమ్మ ఎప్పుడూ వినలేదు. "నర్సమ్మ చెప్పింది, అది వేస్తే మళ్ళీ విప్పక్కర్లేదంటగా. ఈయన అరుస్తుంటే నేను వరండాలోకి పోతున్నానక్కా. నిలబడలేకపోతున్నాను."

సోడమ్మ మంచం మీద దుప్పటి అంచు సర్దింది. "వారంలో వస్తుంది" అంది. మింగలేక కక్కలేక ఇంటికొచ్చింది. ఆ తర్వాత నాలుగు రోజులూ ఆమె నోట్లోంచి ఒక జోకు రాలేదని పనిచోట అందరూ చెప్పుకున్నారు.

ఆరో రోజు పొద్దున ప్యాకింగు గదికి రమ్మని కబురొచ్చింది. బల్ల మీద ఇరవై నాలుగు అట్టపెట్టెలున్నాయి. పక్కన ఆ సరుకు మొత్తానికీ కలిపి రాసే లాటు కార్డు ఉంది. ఎవరెవరు ఏ పని చేశారో వాళ్ళ సంతకాలు ఉండాలి. రోజువారీగా పెట్టించాల్సిన సంతకాల్ని చివర్న ఒకేసారి పెట్టించడం అక్కడి పద్ధతి. మిగతావన్నీ అయిపోయాయి. 'జిగురు తీసినవారు' అన్న గడి ఒక్కటే ఖాళీ. బల్లకి అవతల స్టోరు గుమాస్తా కూర్చుని పెట్టెల నంబర్లు సరిచూస్తున్నాడు. ఆయన్ని అందరూ తథాస్తు అంటారు. మేనేజరు ఏదంటే అది అంతే అనే మనిషి.

"ఇక్కడ పెట్టు. బండి బయట ఉంది" అన్నాడు మేనేజరు పెన్ను అందిస్తూ.

సోడమ్మ పెన్ను తీసుకోలేదు. "పెట్టనండి."

"ఏం?"

"జిగురు పోలేదు. పోయిందని సంతకం ఎలా పెడతాను?"

"మళ్ళీ మొదలెట్టావా? పరీక్షలో పసుపు వచ్చిందని చెప్పానా లేదా?"

"మొదటి గుండిగలోంచి తీస్తే పసుపు రాక ఇంకేమొస్తుంది? రెండోదాంట్లోంచి తీయించండి."

"ఇప్పుడెక్కణ్ణుంచి తీస్తాం? అన్నీ కలిపి కరిగించేశాం."

"అదేనండి నేననేది. ఇప్పుడు ఏ పెట్టెలో ఎంతుందో మీకూ తెలీదు, నాకూ తెలీదు. రోగి ఒంటికే తెలియాలి."

మేనేజరు ముఖం మాడింది. తథాస్తు ముందు మాట పడ్డం ఆయనకి నచ్చలేదు. వంగి సోడమ్మ చేతులకేసి వేలు చూపించాడు.

"ఆ చేతులు ఒకసారి చూసుకో. ఇరవయ్యేళ్ళు మరిగే నీళ్ళలో నానిన చేతులు. తోలు తప్ప ఏం మిగిలింది వాటిలో? వాటితో నలిపి నువ్వు జిగురుందో లేదో చెప్తావు, మేము లక్షలు పోసి పెట్టిన ల్యాబు నమ్మకూడదు. అంతేనా?"

సోడమ్మ చేతులు చూసుకుంది. వేలికొసలు తెల్లబడి, ముడతలు పడి, గోళ్ళ పక్కన పగుళ్ళున్నాయి. రీలింగు షెడ్డులో మరిగే నీళ్ళలోంచి పోగు కొస పట్టుకోడానికి ఇరవయ్యేళ్ళు ఈ వేళ్ళే ముంచింది. అప్పుడు ఈ వేళ్ళ మీద ఎవరూ ఏ పొరా వెయ్యలేదు. ఆమెకి కోపమొచ్చింది. మామూలుగా వచ్చే బుస్సుమనే కోపం కాదు, చల్లగా, కదలకుండా కూర్చునే కోపం.

"అంతేనండి" అంది. "మీ ల్యాబు ఒక గుండిగలో చూసింది. ఈ చేతులు ఆరింటిలో చూశాయి."

మేనేజరు గొంతు తగ్గించాడు. అందితే జుట్టు అందకపోతే కాళ్ళు అన్నట్టు దారి మార్చాడు. "చూడమ్మా. మీ మరిది కూడా ఆ వార్డులోనే ఉన్నాడటగా. ఇది ఆగితే ఇంకో వారం ఆయనకి గాజుగుడ్డే. ఆలోచించుకో. ఇంకోమాట. జిగురు పోలేదని రాస్తే ఎవరి మీద రాస్తావు? గూళ్ళు వేసింది ఎవరు? నేనైతే కాదుగా. అడిగితే వేలు ఎవరి వైపు చూపిస్తారో నీకు తెలియదా?"

అది నిజం. ఆరు రోజులుగా ఆమె లోపల దాచుకున్నది ఆ నిజమే. దాన్ని చూపించి భయపెట్టొచ్చనుకున్నాడాయన. అక్కడే లెక్క తప్పింది. ఎవరైనా ఆ మాట పైకి అంటారేమోనని ఆరు రోజులు భయపడింది సోడమ్మ. అన్నాక ఇంక భయపడ్డానికేం మిగల్లేదు.

పెన్ను తీసుకుంది. బల్ల మీదికి వంగి, ఖాళీ గడిలో కాదు, కింద 'గమనికలు' అన్నచోట పెద్ద పెద్ద అక్షరాలతో నెమ్మదిగా రాసింది. "రెండో గుండిగ నుంచి ఆరో గుండిగ దాకా రెట్టింపు గూళ్ళు వేశాం. వేసింది నేనే. వెయ్యమన్నది మేనేజరుగారు. జిగురు పోలేదు. చెప్పాను. వినలేదు." కింద సంతకం పెట్టి పెన్ను ఆయన ముందు పెట్టింది.

మేనేజరు చదివి కార్డుని రెండుగా చింపాడు, నాలుగుగా చింపాడు. "రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నాడు. సొరుగులోంచి కొత్త కార్డు తీసి, మిగతా సంతకాలు మళ్ళీ పెట్టించొచ్చని తథాస్తు ముందుకి తోశాడు. తథాస్తు కళ్ళజోడు సర్దుకున్నాడు. సోడమ్మ ముఖంకేసి చూడకుండా పెన్ను అందుకున్నాడు.

"బాబాయ్" అంది సోడమ్మ. "గుండిగ ఏ రంగులో ఉంటుందో అయినా తెలుసా మీకు?"

ఆయన సంతకం పెట్టాడు.

ఇంటికెళ్ళి చెబితే మొగుడు "నీకెందుకే ఇవన్నీ" అన్నాడు. ఆయన ఏ విషయం మీదైనా ఆ ఒక్కమాటే అంటాడు కాబట్టి ఆమె పట్టించుకోలేదు. మర్నాడు పొద్దున్నే, డ్యూటీకి వెళ్ళే వేళకే, ఆసుపత్రికి బయల్దేరింది.

తోటికోడలు వరండాలో కుళాయి దగ్గర గ్లాసు కడుగుతోంది. సోడమ్మ అక్కడే పట్టుకుని జరిగిందంతా చెప్పింది, ఏదీ దాచలేదు. తోటికోడలు మొదట అర్థంకానట్టు చూసింది. అర్థమయ్యాక ఒంటికాలి మీద లేచింది.

"ఆరు రోజులు నోరు మూసుకుని ఇవాళ చెప్తావా? నేను ఈ మంచం పక్కన రోజులు లెక్కపెడుతున్నాను, నీకు తెలుసు. వారంలో వస్తుందన్నది నువ్వే. ఇప్పుడు వెయ్యొద్దంటున్నదీ నువ్వే."

"నేనే."

"చేసింది కూడా నువ్వే."

"అవును, నేనే. వాడి అరుపులు తొందరగా ఆగాలని చేశాను. కాదనాల్సిన రోజున కాదనలేదు. నన్ను నువ్వు ఏమన్నా పడతాను. అది మాత్రం వాడి చేతుల మీద వెయ్యనివ్వకు."

"వేయించుకున్న వాళ్ళందరికీ ఏమైనా అవుతుందని రాసిపెట్టుందా?"

"లేదు. అవకపోవచ్చు కూడా. కానీ వచ్చిన కొత్త చర్మం కాస్తా ఉబ్బి చీము పడితే అప్పుడేం చేద్దాం? చేతులు కాలాక ఆకులు పట్టుకుందామా?"

ఆ సామెత ఆ వార్డు గుమ్మంలో అనకూడనిది. అనేశాక సోడమ్మకే తెలిసింది. తోటికోడలు గ్లాసు అందుకుని లోపలికి వెళ్ళిపోయింది. సోడమ్మ వెనకే వెళ్ళి మంచం కాళ్ళ దగ్గర నిలబడింది.

కాసేపటికి నర్సమ్మ ట్రాలీ తోసుకుంటూ వచ్చింది. ముఖాన నవ్వుంది. "తొమ్మిదో మంచం, మీ అదృష్టం బాగుంది. మొదట మీకే వేస్తున్నాం. ఆ కంపెనీ మేనేజరు కూడా వచ్చారు, డాక్టరుగారి గదిలో టీ తాగుతున్నారు" అంది. అట్టపెట్టె, దానితో వచ్చిన కార్డు, ఒక ఒప్పందం కాగితం మంచం మీద పెట్టింది. "ఇది ఇంకా పరీక్షలో ఉన్న మందు కదా, ఒప్పుకుంటున్నట్టు సంతకం కావాలి. ఆయన చేతులు పనికిరావు కాబట్టి నువ్వు పెట్టమ్మా."

తోటికోడలు పెన్ను తీసుకుంది. సోడమ్మ చెప్పాల్సింది వరండాలోనే చెప్పేసింది.

పెన్ను కాగితం మీదికి దిగింది. ఆగింది. తోటికోడలు కార్డు చేతిలోకి తీసుకుని ఒక్కో గడీ వేలు పెట్టి చదివింది.

"నర్సమ్మా, జిగురు తీసినవారు అని ఉంది. ఈ సంతకం ఎవరిది?"

నర్సు వంగి చూసింది. "ఎవరో స్టోరు గుమాస్తా అని రాసుంది."

"స్టోరు గుమాస్తా జిగురు తియ్యడమేంటి? మా అక్క కదా తీసేది." మొగుడి వైపు తిరిగింది. "చూడు. మీ వదినకీ నాకూ పడదని ఊరంతా తెలుసు. చీపురు దగ్గర అబద్ధమాడుతుంది, పాలగిన్నె దగ్గర అబద్ధమాడుతుంది. కానీ తన తప్పు తనే ఒప్పుకోవడం ఈ పన్నెండేళ్ళలో ఇదే మొదటిసారి. ఊరికే ఒప్పుకునే మనిషి కాదు. ఏం చెయ్యమంటావు?"

మరిది వదిన ముఖంలోకి చూశాడు. తర్వాత గాజుగుడ్డ చుట్టిన తన చేతులకేసి చూసుకున్నాడు. "నా చేతులు పనిచెయ్యట్లేదుగా. నీ చెయ్యే నా చెయ్యి. నీ ఇష్టం" అన్నాడు.

తోటికోడలు పెన్నుకి మూత పెట్టి కాగితం వెనక్కిచ్చేసింది. "మా అక్క పెట్టని సంతకం నేనూ పెట్టను."

"అమ్మా, ఇది కాదంటే మళ్ళీ గాజుగుడ్డే. ఇవాళ మార్చే రోజు కూడా" అంది నర్సు.

"తెలుసు."

నర్సు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. పదిహేనేళ్ళుగా పుళ్ళు కడుగుతున్న మనిషి, ఆమెకి విడమర్చి చెప్పక్కర్లేదు. "నోటిమాట నాకు పనికిరాదు. ఏం జరిగిందో రాసివ్వు" అంది సోడమ్మతో. ఒప్పందం కాగితం వెనక్కి తిప్పి ఇచ్చింది. సోడమ్మ నిన్న రాసిన మాటలే మళ్ళీ రాసింది, ఈసారి చిన్న అక్షరాలతో, ఇంకా వివరంగా. నర్సు దాన్ని జేబులో పెట్టుకుని పెట్టెని ట్రాలీ కింది అరలోకి నెట్టింది. మిగతా ఇరవై మూడూ కూడా అక్కడే పడేసింది. "డాక్టరుగారు చూసేదాకా ఎవరికీ వెయ్యను" అంది. పదో మంచం మనిషి ఏమైందని అడిగితే తోటికోడలే చెప్పింది. పదకొండో మంచానికి పదో మంచం చెప్పింది.

ఆ తర్వాత నర్సు గాజుగుడ్డ విప్పడం మొదలుపెట్టింది. గోరువెచ్చటి నీళ్ళతో తడుపుతూ, కొస పట్టుకుని, కొంచెం కొంచెంగా. సోడమ్మ ట్రే పట్టుకుంది. మరిది పళ్ళు బిగబట్టాడు. వార్డులో అందరూ చూస్తున్నారు, వదిన చూస్తోంది, మగాడు అరవకూడదనుకున్నాడో ఏమో, మెడ నరాలు ఉబ్బేదాకా బిగబట్టాడు.

తోటికోడలు ఈసారి వరండాలోకి పోలేదు. మంచం మీద కూర్చుని మొగుడి తల ఒళ్ళో పెట్టుకుంది.

"ఎందుకు బిగబడతావు? అరువు" అంది. "గట్టిగా అరువు. ఆ డాక్టరు గదిలో టీ తాగే ఆయనకి కూడా వినపడాలి."

మరిది అరిచాడు. వరండా చివర తలుపు తెరుచుకుంది. మేనేజరు కప్పు చేత్తో పట్టుకునే బయటికొచ్చి, ఎవరా అని వార్డు గుమ్మందాకా నడిచొచ్చి, అక్కడే నిలబడిపోయాడు. సోడమ్మ ఆయన్ని చూసింది. ట్రే కదలకుండా పట్టుకుని, "ఇంకో చెయ్యి ఉంది నర్సమ్మా, కానివ్వండి" అంది.